ఐదో తీగ అడిగే లెక్కలు

అమలాపురం చర్చి క్వయర్‌లోనో, భీమవరం పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో ఏడాది రెండేళ్ళు నాలుగు తీగల బేస్ గిటార్ వాయించినవాడికి ఏదో ఒక రోజు అనుమానం రాక తప్పదు. ఐదు తీగలది కొనుక్కోవాలా? చూసిన ప్రతి వీడియోలోనూ ఐదో ఆరో తీగలే కనిపిస్తాయి కాబట్టి సమాధానం ముందే సిద్ధమైపోయి ఉంటుంది, మిగిలింది డబ్బు సర్దుకోవడమే. కాని ఐదో తీగ ఒంటరిగా రాదు. నెక్ పొడవు, స్పీకర్ సైజు, కుడిచేతి అలవాటు, ఆఖరికి గోదావరి గట్టు మీది తేమ కూడా దాంతోపాటు లెక్కలోకి వస్తాయి. ఆ లెక్కలు వేయకుండా కొన్న ఐదు తీగల గిటార్‌లో చాలాసార్లు పై నాలుగే మోగుతుంటాయి.

మొదట మీ పాటల పుస్తకం తెరవండి. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం ఇ, 41.2 హెర్ట్జ్. ఆ పైన ఎ 55, డి 73.4, జి 98. అంటే మూడు శ్రుతి (ఇ), నాలుగు (ఎఫ్), ఐదు (జి), ఆరు (ఎ) పాటలకు షడ్జమం లావు తీగ మీదే హాయిగా దొరుకుతుంది. చిక్కు ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర శ్రుతుల్లో వస్తుంది. రెండు శ్రుతి పాటకు డి కావాలంటే ఎ తీగ ఐదో ఫ్రెట్‌కో (నెక్ మీది అడ్డ లోహపు గీత), డి తీగకో వెళ్ళాలి. అక్కడ దొరికేది 73 హెర్ట్జ్ డి. దాని కింది 36.7 హెర్ట్జ్ డి ఈ గిటార్‌లో లేదు. ఐదో తీగ అయిన బి 30.9 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి సి, సి షార్ప్, డి, డి షార్ప్ నాలుగూ కింది స్థాయిలో వచ్చేస్తాయి. మీ బృందం పాడే పాటల్లో మూడో వంతైనా ఈ నాలుగు శ్రుతుల్లో ఉంటే ఐదో తీగకు పని ఉన్నట్టే. లేకపోతే ఆ డబ్బు స్పీకర్ మీద పెట్టడం మేలు.

ఈ లెక్క వేసేటప్పుడు కీబోర్డు మాస్టారి వేళ్ళు చూసి మోసపోకండి. ఆయన ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి సి స్కేల్ వేళ్ళతోనే డి షార్ప్ పాట నడిపిస్తుంటారు. బేస్‌కు ఆ మీట లేదు. తెరమీద ప్లస్ 3 అని ఉంటే మీరు మూడు ఫ్రెట్లు పైకి జరగాల్సిందే. ఇంకొక సంగతి కూడా ఆయన్ని అడగాలి. కీబోర్డులో స్టైల్ ఆన్ చేస్తే తబలా, డ్రమ్స్‌తోపాటు దానిలోనే ఒక బేస్ భాగం మోగుతుంది. మీరు ఒక బేస్, యంత్రం ఒక బేస్ వాయిస్తుంటే కింద అంతా బురద. స్టైల్ సెట్టింగుల్లో బేస్ పార్ట్‌ను మ్యూట్ చేయించండి, ఆయన ఎడమచేతి స్వరాలు ఒక ఆక్టేవ్ (స్థాయి) పైకి జరపమనండి. గిటార్ మార్చకుండానే బేస్ స్పష్టంగా వినిపించడం మొదలవుతుంది. చాలా బృందాల్లో అసలు జబ్బు ఇదే. ఐదో తీగ దీనికి మందు కాదు.

బి తీగ ఎందుకు వదులుగా ఉంటుంది

తీగ బిగువు మూడింటి మీద ఆధారపడుతుంది: దాని బరువు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ఆధారం) నుంచి నట్ (నెక్ తల దగ్గరి గాడుల పట్టీ) వరకు పొడవు, మోగే స్వరం. స్వరం తగ్గితే బిగువు దాని వర్గం చొప్పున పడిపోతుంది. ఇ నుంచి బి కి దిగితే స్వరం నాలుగింట మూడు వంతులవుతుంది, అదే తీగను అలా దింపితే బిగువు 56 శాతానికి జారుతుంది. తాడులా వేలాడే ఆ తీగను మళ్ళీ బిగువుకు తేవాలంటే లావు పెంచాలి. ఇ తీగ 105 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) అయితే, అంతే బిగువు ఇచ్చే బి కి దాదాపు 140 గేజ్ కావాలి. మామూలు ఐదు తీగల సెట్‌లో వచ్చేది 125 లేదా 130. అంటే 130 వేసినా ఇ కంటే 14 శాతం, 125 వేస్తే 20 శాతం వదులు. కిలోల్లో చెబితే ఇ సుమారు 18 కిలోల బలంతో లాగుతుంటే, బి 14.5, 15.5 దగ్గర ఆగుతుంది.

మరి 140 వేసేయొచ్చు కదా? వేయొచ్చు, కాని తీగ లావయ్యేకొద్దీ కడ్డీలా బిరుసెక్కుతుంది. అప్పుడు దాని పై స్వరాంశాలు, అంటే రెండింతలు, మూడింతలు, నాలుగింతల హార్మోనిక్స్, ఉండాల్సిన చోట నుంచి కాస్త పైకి జరుగుతాయి. ట్యూనర్ సరే అంటుంది, చెవి మాత్రం అపశ్రుతి అంటుంది. బి తీగ ‘దుబ్ దుబ్’మంటోంది, స్వరం తెలియడం లేదు అనే ఫిర్యాదుకు కారణం సగం బిగువు తక్కువ కావడం, సగం ఈ బిరుసు. బ్రిడ్జి మీద ఆనే చోట సన్నబడేలా చుట్టిన టేపర్ తీగలు దీనికి కొంతవరకు విరుగుడు.

రెండో మార్గం పొడవు. మామూలు బేస్ స్కేల్ (బ్రిడ్జి నుంచి నట్ వరకు దూరం) 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. 35 అంగుళాలకు పోతే అదే తీగ, అదే స్వరానికి బిగువు 6 శాతం పెరుగుతుంది. 37కు పోతే 18 శాతం. డింగ్‌వాల్ కంపెనీ చేసే మల్టీస్కేల్ (ఒక్కో తీగకు ఒక్కో పొడవున్న) గిటార్లలో ఫ్రెట్లు విసనకర్రలా విచ్చుకుని ఉండేది ఇందుకే: బి వైపు 37 అంగుళాలు, సన్న తీగ వైపు 34. ఇబానెజ్ ఎస్ఆర్ 305, యమహా టిఆర్‌బిఎక్స్ 305 లాంటి అందుబాటు ఐదు తీగలవి 34 అంగుళాలవే. అది లోపం కాదు. నెక్ గట్టిగా ఉండి, బాడీతో దాని అతుకు బిగుతుగా ఉండి, 130 తీగ వేస్తే 34లోనూ బి శుభ్రంగా మోగుతుంది. షాపులో చూసేటప్పుడు ఆంప్‌కు (ఆంప్లిఫయర్‌కు) పెట్టకుండా ఒట్టిగా బి తీగ మీటి, గిటార్ కొమ్ముకు చెవి ఆనించి వినండి. స్వరం ఐదారు సెకన్లు నిలవాలి. రెండు సెకన్లకే చచ్చిపోతే ఆంప్‌లో ఏ గుండీ తిప్పినా అది బతకదు.

ట్యూనింగ్‌లోనూ బి మొండికేస్తుంది. ఫోన్ మైకు 31 హెర్ట్జ్ సరిగా పట్టుకోలేదు, ముల్లు ఇటూ అటూ గెంతుతుంటుంది. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తేలిగ్గా తాకించి హార్మోనిక్ మీటితే 62 హెర్ట్జ్ వస్తుంది, దాంతో శ్రుతి చేసుకోవాలి. బి తీగకు పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం) మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది. ఆఖరి ఫ్రెట్ నొక్కిపట్టి తీగకూ పికప్‌కూ మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచండి.

కొత్త గిటార్ కొనకుండా పరీక్షించడానికి ఒక ఉపాయం ఉంది. ఐదు తీగల సెట్ ఒకటి కొని, సన్న జి తీగ పక్కన పెట్టేసి, మిగతా నాలుగింటినీ మీ పాత గిటార్‌కే బి, ఇ, ఎ, డి గా ఎక్కించండి. రెండు నెలలు వాయిస్తే ఐదో తీగ కావాలో, సన్న తీగ లేని లోటే ఎక్కువో తేలిపోతుంది. ప్రతి తీగా ఒక గాడి పక్కకు జరిగింది కాబట్టి నట్‌లో నాలుగు గాడులూ వెడల్పు చేయాలి. 105 తీగ కూర్చున్న గాడిలో 130 కూర్చోవాలంటే 2.7 మిల్లీమీటర్ల గాడి 3.3 కావాలి. పాత తీగ ముక్కకు 400 నంబరు గరుకు కాగితం చుట్టి నెమ్మదిగా రాపాడించండి. పక్కలే అరగాలి, అడుగు లోతు కాకూడదు. అడుగు తగ్గితే ఒట్టి తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి జుయ్యిమంటుంది, అప్పుడు నట్ మార్చడమే దిక్కు. బ్రిడ్జి దగ్గర బి శాడిల్‌ను (తీగ ఆనే చిన్న మెట్టును) వెనక్కి జరపాల్సి వస్తుంది. వెనక చోటు చాలకపోతే దాని స్ప్రింగ్ తీసేస్తే మరికొంత జాగా దొరుకుతుంది.

ఒకటి రెండు పాటలకే కింది డి కావాలంటే ఇంత తతంగం అక్కర్లేదు. ఇ తీగనే డి కి దించండి. బిగువు 21 శాతం తగ్గుతుంది, కాస్త మెల్లగా మీటాలి, ఆ తీగ మీది వేళ్ళ స్థానాలన్నీ రెండు ఫ్రెట్లు పైకి పోతాయి. అంతే.

ఆరు, ఏడు, ఆ పైన

ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో నాలుగు తీగలతోనే వచ్చింది. 1965లో అదే కంపెనీ ఐదు తీగల బేస్ తెచ్చినప్పుడు అదనపు తీగను కింద పెట్టలేదు. జి కి పైన సి పెట్టి, ఫ్రెట్లను 15కు తగ్గించింది. అది నడవలేదు. బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ అడిగితే గిటార్ల తయారీదారు కార్ల్ థాంప్సన్ 1975లో చేసిచ్చిన ఆరు తీగల గిటార్‌లో కింద బి, పైన సి రెండూ ఉన్నాయి. సింథసైజర్ బేస్ ఇ కంటే కిందికి దిగి రికార్డుల నిండా వినిపించడం మొదలయ్యాక, 1980ల్లో బేస్ వాద్యకారులకు కింది బి నిజంగా అవసరమైంది. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ ఐదు తీగల స్టింగ్‌రే 5 వచ్చింది 1987లో.

ఆరో తీగ తెచ్చే లాభం పైనే: మూడు స్వరాలు కలిపి మోగించే కార్డులు, సోలోలు, గిటార్ వాద్యకారుడు రాని ఆదివారం ఆరాధనలో ఆ ఖాళీ పూడ్చడం. దానికి చెల్లించాల్సిన మూల్యం నెక్ వెడల్పు. నట్ దగ్గర నాలుగు తీగలది 38 నుంచి 42 మిల్లీమీటర్లుంటే, ఐదు తీగలది 45 దాటుతుంది, ఆరు తీగలది 54 వరకూ పోతుంది. బొటనవేలు నెక్ వెనుక మధ్యలో ఉండకపోతే బి తీగ అందదు, మణికట్టు వంగి నొప్పి పెడుతుంది. ఏడు, ఎనిమిది తీగల గిటార్ల గురించి చెప్పాల్సింది తక్కువ. వాటి తీగలు ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి, ఎఫ్ షార్ప్‌కు దిగేవాటి అడుగు స్వరం 23 హెర్ట్జ్, దాన్ని వినిపించే స్పీకర్ మన ఆర్కెస్ట్రాల్లో ఎవరి లారీలోనూ లేదు.

31 హెర్ట్జ్ ఎక్కడ పోతుంది

నిజానికి బి తీగ అసలు స్వరం కూడా మామూలు స్పీకర్లలో రాదు. 12 అంగుళాల పీఏ (వేదిక సౌండ్) బాక్సు 50, 60 హెర్ట్జ్ దగ్గరే జారడం మొదలుపెడుతుంది, 15 అంగుళాలది కొంచెం కిందికి పోతుంది. మనం వినేది 62, 93 హెర్ట్జ్ హార్మోనిక్స్. వాటి మధ్య దూరాన్ని బట్టి చెవే 31ని ఊహించుకుంటుంది. కాబట్టి సబ్ (అడుగు స్వరాలకే ఉండే పెద్ద స్పీకర్) లేకపోయినా బి పనికొస్తుంది, ఛాతీకి తగిలే దెబ్బ మాత్రం ఉండదు. బేస్ గుండీ పూర్తిగా తిప్పి ఆ దెబ్బ తెప్పించాలని చూస్తే జరిగేది వేరు. రంధ్రం ఉన్న బాక్సులో, అది ట్యూన్ అయిన స్థాయికి కింద కోన్‌ను ఆపే గాలి ఉండదు, అది అదుపు తప్పి ముందుకూ వెనక్కూ ఊగి కాయిల్ చెడిపోతుంది. 30, 35 హెర్ట్జ్ కింద కోసే హైపాస్ ఫిల్టర్ పెడితే వినికిడిలో ఏమీ పోదు, ఆంప్‌కు శ్వాస వస్తుంది. అలాగని మిక్సర్ ఛానల్ మీద ఉండే లో కట్ మీట నొక్కకండి. అది 80, 100 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది, మీ గిటార్‌లో సగం పోతుంది. పాటగాళ్ళ ఛానళ్ళకు మాత్రం అది నొక్కే ఉండాలి.

గిటార్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే మొద్దుగా మోగడం మరో పాత ఫిర్యాదు. పాసివ్ (బ్యాటరీ లేని) పికప్‌కు 10 లక్షల ఓముల ఇన్‌పుట్ కావాలి, లైన్ ఇన్‌పుట్ ఇచ్చేది సుమారు 10 వేలు. పైస్థాయి అంతా అక్కడే ఆవిరైపోతుంది. మధ్యలో యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టండి, దానికి మిక్సర్ నుంచి 48 వోల్ట్ల ఫాంటమ్ (మైకు కేబుల్‌లోనే వచ్చే కరెంటు) ఇవ్వండి. 9 వోల్ట్ల బ్యాటరీతో నడిచే యాక్టివ్ గిటార్ అయితే డీఐ మామూలుదైనా చాలు, కాని జాక్ గుచ్చి వదిలేస్తే బ్యాటరీ రాత్రంతా కరుగుతూనే ఉంటుంది. పాట మధ్యలో గొంతు బొంగురుపోయినట్టు డిస్టార్షన్ వస్తే ముందు బ్యాటరీయే మార్చండి. ఇంట్లో సాధనకు 30, 40 వాట్ల బేస్ ఆంప్ సరిపోతుంది. గిటార్ ఆంప్‌కు బేస్ పెట్టి గట్టిగా వాయిస్తే మాత్రం దాని స్పీకర్ చిరుగుతుంది.

హాలు కూడా వాయిస్తుంది. నాలుగు మీటర్ల వెడల్పు గదిలో గోడల మధ్య సహజంగా నిలిచే మొదటి అల సుమారు 43 హెర్ట్జ్, అంటే దాదాపు ఎఫ్. నాలుగు శ్రుతి పాట మొదలవగానే గది గుమ్మెత్తిపోతుంది, పక్క స్వరం నీరసంగా ఉంటుంది. గిటార్‌లో ఏ తప్పూ లేదు. ఆంప్‌ను మూల నుంచి మీటరు దూరం లాగి, ఈక్వలైజర్‌లో ఆ ఒక్క చోట రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. రేకుల షెడ్డు చర్చిల్లో రేకే గలగలమంటుంది, అక్కడ వాల్యూమ్ తగ్గించడం తప్ప మార్గం లేదు. అంతర్వేది తీర్థంలోనో కనుమనాడు ప్రభల తీర్థం దగ్గరో ఆరుబయట వేదికైతే కథ తిరగబడుతుంది. గోడలు లేవు, కింది స్వరాలు పొలాల్లోకి పోతాయి. అప్పుడు కింద పెంచేకంటే 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కాస్త పెంచితే స్వరం తెలుస్తుంది.

జనరేటర్, సీరియల్ సెట్లు

మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో ఇ తీగ మూడో ఫ్రెట్ మీది జి 49 హెర్ట్జ్. దాని రెట్టింపు స్వరానికి 100 హెర్ట్జ్ ఝంకారం అంతే దగ్గర. అందుకే ఐదు శ్రుతి పాటలో హమ్ (కరెంటు మోత) పాటలో కలిసిపోయి తెలియదు, పాట ఆగగానే బయటపడుతుంది. జాజ్ బేస్ తరహా రెండు సింగిల్ కాయిల్ పికప్‌ల గిటార్‌లో రెండు వాల్యూములూ సమానంగా తెరిస్తే ఒకదాని హమ్‌ను ఇంకొకటి చంపుతుంది, ఒకటి తగ్గించారా తిరిగొస్తుంది. పందిరికి చుట్టిన సీరియల్ సెట్ల కంట్రోలరు, లైట్ల డిమ్మర్లు ఉన్న బోర్డు నుంచి సౌండ్‌కు కరెంటు తీసుకోకండి. మిక్సర్, ఆంప్‌లు, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి ఉండాలి.

హమ్ పోవడానికి ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు ఇంకా ఉంది. అది ప్రాణాంతకం. బేస్ తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ తెగిన ఆంప్‌లో లీకేజీ ఉంటే, తీగ పట్టుకుని మైకుకు పెదవి ఆనించిన క్షణంలో ఆ కరెంటుకు దారి మీ శరీరమే. హమ్ ఆపడానికి డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంది, అది సిగ్నల్ ఎర్త్‌నే విడదీస్తుంది, ప్రమాదం లేదు. తడి నేల మీద వేదికైతే మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్లలో పెట్టి ఒక ముల్లు మైకు జాలీకి, ఒకటి బ్రిడ్జికి ఆనించి చూడండి. కొన్ని వోల్ట్లు దాటి చూపిస్తే సరిచేసేదాకా వాయించవద్దు.

తేమ, ఉప్పు

డెల్టాలో వానాకాలం తలుపులు బిగుసుకున్నట్టే గిటార్ నెక్ కూడా కదులుతుంది. ఏ వైపుకు కదులుతుందో కర్రను బట్టి, కొలిస్తేనే తెలుస్తుంది. ముందు శ్రుతి చేయండి. మొదటి ఫ్రెట్, నెక్ బాడీని కలిసే చోటి ఫ్రెట్ రెండూ నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం చూడండి. విజిటింగ్ కార్డు మందం, సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి సర్దుబాటు కడ్డీని) గడియారం దిశలో పావు చుట్టు బిగించండి, అసలు లేకపోతే పావు చుట్టు వదలండి. ఎక్కువ గిటార్లకు 4 లేదా 5 మిల్లీమీటర్ల ఎలెన్ కీ పడుతుంది. ఒక రాత్రి ఆగి మళ్ళీ కొలవాలి. ఆ తర్వాతే తీగల ఎత్తు: పన్నెండో ఫ్రెట్ దగ్గర జి కి 2, ఇ కి 2.5, బి కి దాదాపు 3 మిల్లీమీటర్లు. చివర ఇంటొనేషన్ (ఫ్రెట్లు నొక్కిన స్వరాల శ్రుతి): పన్నెండో ఫ్రెట్ నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ కంటే హెచ్చుగా ఉంటే శాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకు. ఈ వరస తప్పితే చేసిందంతా మళ్ళీ చేయాలి.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి నికెల్ పూత తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక ప్రతి తీగనూ పొడి నూలుగుడ్డతో అడుగు నుంచి కూడా తుడవండి. బ్యాగులో సిలికా జెల్ వేసి, రంగు మారగానే మార్చండి. శాడిల్ స్క్రూలకు ఆరు నెలలకోసారి కుట్టుమిషన్ నూనె చుక్క చాలు, లేకపోతే ఎలెన్ కీ తిరగనంతగా బిగుసుకుపోతాయి. ఏసీ హాలు నుంచి బయటికి తెచ్చిన వెంటనే బ్యాగు తెరవకండి, చల్లటి తీగల మీద చెమ్మ పడుతుంది. మురికి పట్టి మూగబోయిన తీగలను పది నిమిషాలు నీళ్ళలో మరిగిస్తే మళ్ళీ కొన్నాళ్ళు మోగుతాయి. బోరు నీళ్ళు మాత్రం వద్దు, తీరం వైపు అవి ఉప్పు. టిన్ను నీళ్ళు వాడి, తీయగానే ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి.

చేతి పని

ఐదు తీగల గిటార్‌లో కొత్తగా నేర్వాల్సింది వాయించడం కన్నా వాయించని తీగలను ఆపడం. జి మీటుతుంటే బి తనంతట తనే గుయ్యిమంటుంది, స్పీకర్లో అది మీటిన స్వరం కంటే పెద్దగా వినిపిస్తుంది. కుడి బొటనవేలిని పికప్ మీద పాతిపెట్టకుండా తీగల మీదే తేలనివ్వాలి. ఎ మీటుతుంటే అది ఇ కి ఆని, బి మీదా వాలి ఉండాలి. డి కి పోతే ఎ మీదికి జరగాలి. సన్న తీగలను ఎడమ చూపుడువేలి అడుగు తేలిగ్గా కప్పుతుంది. ఆంప్ పెద్దగా పెట్టుకుని, నిమిషానికి 60 తాళంలో ఒక్కో తీగా రెండు దెబ్బలు మీటుతూ పోండి. మీటనిది ఏది మోగినా అక్కడే ఆగి చేయి సరిదిద్దుకోండి.

ఎడమచేతికి ఒక కొలత గుర్తుంచుకుంటే నొప్పులు తప్పుతాయి. 34 అంగుళాల స్కేల్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పు 48 మిల్లీమీటర్లు, ఐదోది 38, పన్నెండోది 26 లోపు. మొదటి నాలుగు ఫ్రెట్లలో ఒక్కో వేలికి ఒక్కో ఫ్రెట్ అని చేయి చాపితే మణికట్టు దెబ్బతింటుంది. అక్కడ చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు మాత్రమే వాడి, ఉంగరపువేలిని చిటికెనవేలికి దన్నుగా ఉంచండి. ఐదో ఫ్రెట్ దాటాక నాలుగు వేళ్ళూ విడివిడిగా పెట్టొచ్చు. ఐదో తీగ ఇచ్చే పెద్ద సౌకర్యం నిజానికి ఇక్కడుంది. బి తీగ ఐదో ఫ్రెట్ ఇ అవుతుంది కాబట్టి చేయి అక్కడే కూర్చోబెట్టి, ఒట్టి తీగలు తాకకుండా ఏ శ్రుతి పాటైనా ఒకే వేళ్ళ అమరికతో నడపొచ్చు. గాయని అరశ్రుతి పెంచమంటే ఒక ఫ్రెట్ జరిగితే సరి.

ఆక్టోపాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్) కిక్ 50 నుంచి 80 హెర్ట్జ్ మధ్య దెబ్బ కొడుతుంది, డగ్గా (తబలా జతలో పెద్దది) గుమ్మనేదీ దాని చుట్టుపక్కలే. పాట నేర్చేటప్పుడు ముందు ఆ దెబ్బలు ఎక్కడ పడుతున్నాయో చప్పట్లతో కొట్టుకుని, మీ స్వరాన్ని కిక్‌తో కలిపి మొదలుపెట్టి, డగ్గా గుమ్మనే చోట ఆపేయండి. తిశ్రం నడకలో ఆరు దెబ్బలకూ ఆరు స్వరాలు మీటేవాడి కంటే ఒకటో దెబ్బ, నాలుగో దెబ్బ మీద రెండే మీటి, మిగతా చోట తీగను నొక్కి ఆపేవాడి బేసే వేదిక కింద నిలబడ్డవాళ్ళకు స్పష్టంగా అందుతుంది.